ఇటాలియన్ క్రియల విభజన యాప్: విరుపు బాగుంది, ఊనిక బాగాలేదు

క్రియారూపం టైపు చేస్తే అక్షరాలుగా విడదీసి, ఊనిక (నొక్కి పలికే చోటు) గుర్తు పెట్టి చూపే యాప్ ఇది. విభజన నమ్మదగినదే. 'మోస్త్రనో' (చూపిస్తారు)ను మో-స్త్ర-నో అని సరిగ్గా విరిచింది. సకారం తరువాతి హల్లుతోనే పోవాలి, మన ఒత్తుల రాతలో లాగే. 'మెత్తోనో' (పెడతారు)లో మాత్రం జంట హల్లు చీలి మెత్-తో-నో అవుతుంది. తెలుగు అలవాటు కొద్దీ మె-త్తో-నో అని రాసుకోకండి.

అసలు లోపం ఊనికలో ఉంది. 'ఆబితనో' (నివసిస్తారు)కు చివరినుంచి రెండో అక్షరం మీద గుర్తు పెడుతోంది. అది పడాల్సింది మొదటి 'ఆ' మీద, అంటే చివరినుంచి నాలుగో అక్షరం మీద. ఏకవచనం 'ఆబిత'కు -నో చేరినా ఊనిక కదలదు. 'ఆబిత్యామో' (నివసిస్తాం)లోనైతే 'త్యా' మీదికి జరుగుతుంది. దాన్ని యాప్ సరిగానే చూపింది. నిఘంటువులు ఉత్తమపురుష 'ఆబితో'కు ఊనిక గుర్తు ఇస్తాయి, -నోతో ముగిసే బహువచనం వచ్చినప్పుడల్లా దాంతో సరిచూసుకోండి.