క్లాసుకీ వార్డుకీ నడుమ గూగుల్ మీట్

క్యాన్సర్‌కిచ్చే కీమో మందుల తర్వాత, రోగాల్ని అడ్డుకునే తెల్లకణాలు పడిపోతే స్నేహితుల్ని దగ్గరికి రానివ్వరు. హైదరాబాద్ రెడ్‌హిల్స్‌ ఆసుపత్రిలో ఉన్న పిల్లకు కూకట్‌పల్లి క్లాసు చూపించాలంటే ఉచిత జూమ్ కన్నా ఉచిత మీటే నయం. జూమ్ 40 నిమిషాలకే ఆగిపోతుంది. మీట్‌లో ఇద్దరే ఉంటే 24 గంటల దాకా ఢోకా లేదు. మూడో ఫోన్ చేరిందా, 60 నిమిషాలే. అమ్మ తన ఫోన్లోంచి తొంగిచూడకపోతే చాలు!

వీడియోలో బొమ్మ బాగానే ఉంటుంది, తంటా అంతా శబ్దంతోనే. క్లాసులోని ఫోన్ టీచర్ టేబుల్ మీద పెడితే ఫ్యాన్ హోరే వినిపిస్తుంది. ఫోన్‌ను రెండో బెంచీ దగ్గర, పిల్లల ముఖాల ఎత్తులో స్టాండుకు బిగించి, కోఠి గుజరాతీ గల్లీలో దొరికే కాలర్ మైకు తగిలించండి. జుట్టు రాలే రోజుల్లో పిల్ల తన కెమెరా ఆపుకుంటానంటే ఆపుకోనివ్వండి. లంచ్ బెల్ కొట్టగానే మాత్రం కాల్ కట్ చేయొద్దు, అసలు కబుర్లు మొదలయ్యేది అప్పుడే.