ఎరా, లూరా: గోదావరి మొగల నుంచి కాకినాడ లోతుల దాకా

గాలం పట్టుకుని గోదావరి డెల్టాకు వెళ్ళదలచినవారు ముందు ఏ ఊళ్ళో దిగాలి, ఎవరి బోటు మాట్లాడుకోవాలి అని విచారిస్తారు. ఎర తీసుకెళ్ళాలా, లూరు (చేపను మభ్యపెట్టే కృత్రిమ ఎర) తీసుకెళ్ళాలా అన్నది ఆ తరువాత ఆలోచిస్తారు. నా అభిప్రాయంలో ఈ రెండింటినీ విడదీయడం కుదరదు. ధవళేశ్వరం దాటాక పాయలుగా చీలిన గోదావరి సముద్రంలో కలిసే ప్రతి మొగ దగ్గరా నీటి రంగు వేరుగా ఉంటుంది, అది నెల నెలకూ మారుతుంది కూడా. ఆ రంగే చేప దేనిని పట్టుకుంటుందో నిర్ణయిస్తుంది కనుక, బసను కూడా దానిని బట్టే ఎంచుకోవాలి.

కాలం సంగతి ముందు చెప్పాలి. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల పాటు మరబోట్ల వేటపై నిషేధం ఉంటుంది. ఆ వెంటనే వరదలు మొదలై, ఎర్రటి నీరు సముద్రంలోకి చాలా దూరం వెళుతుంది. పులస తినాలనుకునేవారికి అది పండుగ కాలమే గాని, సముద్రంలో గాలం వేసేవారికి కాదు. అక్టోబరు, నవంబరు నెలల్లో తుపానుల భయం. మిగిలేది డిసెంబరు చివరి నుంచి మార్చి దాకా ఉన్న కాలం. మేము మాఘమాసంలో, పోటు పాటుల ఉరవడి తక్కువగా ఉండే అష్టమి, నవమి తిథులు కలిసివచ్చేటట్టు చూసుకుని వెళ్ళాము. లోతులో జిగ్గు (అడుగుకు దింపే బరువైన లోహపు లూరు) నిట్టనిలువుగా దిగాలంటే ప్రవాహం మందంగా ఉండాలి. అమావాస్యకో పున్నమికో వెళితే అది పక్కకు కొట్టుకుపోతుంది.

ఇంకొక మాట. ఇక్కడ లక్షద్వీపాల మాదిరి పగడపు దిబ్బలు ఉంటాయని ఆశించి రాకూడదు. గోదావరి వేల ఏళ్ళుగా తెచ్చి పోసిన ఒండ్రు వల్ల డెల్టా ఎదుట సముద్రపు అడుగు చాలా మేరకు మెత్తటి బురద. రాతి అడుగు కావాలంటే ఉత్తరాన విశాఖ, భీమిలి వైపు ఎక్కువగా దొరుకుతుంది. కాకినాడ సరంగులు (బోటు నడిపేవారు) మనలను తీసుకెళ్ళే చోట్లు అక్కడొకటి ఇక్కడొకటిగా ఉన్న గట్టి నేల, మునిగిపోయిన బోట్ల శకలాల వంటివి. అయినా బురద మధ్య అలాంటి చిన్న గట్టు ఒకటి ఉంటే చుట్టుపక్కల చేపంతా దానినే ఆశ్రయిస్తుంది కాబట్టి, దిబ్బల మీద వేటకు చెప్పే నియమాలన్నీ ఇక్కడా వర్తిస్తాయి.

కాకినాడలో బస సులభం. స్టేషనుకూ హార్బరుకూ మధ్య అన్ని ధరలలోనూ హోటళ్ళు ఉన్నాయి, ఆటోలు వేళకాని వేళలో కూడా దొరుకుతాయి, ఐసు హార్బరు దగ్గరే కొనుక్కోవచ్చు. చిక్కల్లా తెల్లవారుజామున మూడింటికి బయలుదేరవలసి రావడంలో ఉంది. మేము దిగిన హోటలులో రాత్రి ఎంత బతిమాలి చెప్పినా, ఆ వేళకు గేటు తాళం తీసే మనిషి లేక చాలాసేపు మెట్ల మీద నిలబడవలసి వచ్చింది. ఎర చేపలను వంటగది ఫ్రిజ్‌లో పెట్టడానికి కూడా వారు ఒప్పుకోలేదు. ఈ రెండవదానికి వారిని తప్పుపట్టను. ఒక థర్మోకోల్ పెట్టె, గళ్ళ ఉప్పు, పాత న్యూస్‌పేపర్లు వెంట ఉంటే ఎవరినీ అడగనక్కరలేదు. కానాగంత చేపలను పలుచటి ముక్కలుగా కోసి, ఉప్పు చల్లి, కాగితంలో చుట్టి ఐసు మీద పెడితే నీరు కారిపోయి, ముక్క బిగుసుకుని, గాలానికి గట్టిగా పట్టుకుని ఉంటుంది. తాజా ముక్క చిన్న చేపల పోట్లకు రెండు నిమిషాలలో ఊడిపోతుంది.

బోటు విషయంలో మేము అదృష్టవంతులం. సరంగు వయసు మళ్ళినవాడు, మితభాషి. హోప్ ఐలాండ్‌కు లోపలి వైపున్న అఖాతమంతా లోతు తక్కువ, నీరు బూడిద రంగు. అక్కడే నా మిత్రుడు ఉత్సాహం ఆపుకోలేక వెండి రంగు ప్లగ్గు (చేప ఆకారపు లూరు) ఒకటి విసరడం మొదలుపెట్టాడు. సరంగు కాసేపు చూసి, “ఈ నీళ్ళల్లో బొమ్మ చేపని ఏటి చూత్తదండీ బాబూ, ఇక్కడ వాసన ఉండాలండి. బయటికెళ్ళాక ఏద్దురుగానండి, ఆయ్” అన్నాడు. ద్వీపం కొస దాటి బయటికి వెళ్ళాక, మట్టి నీరు ఆగి ఆకుపచ్చ నీరు మొదలయ్యే గీత కత్తితో కోసినట్టు కనబడింది. ఆ గీత వెంబడి నురగ, ఎండిన గుర్రపుడెక్క, కొబ్బరి డొక్కలు తేలుతున్నాయి. వాటి కింద చిన్న చేప, దాని కోసం వంజరం. అక్కడ లూరుదే రాజ్యం. చేప చూపుతో వేటాడే చోట మెరుపూ వేగమూ పనిచేస్తాయి, పైగా లూరును ఎరకన్నా చాలా ఎక్కువ నీటిలో తిప్పవచ్చు.

లూరు మనకు కొత్తగా వచ్చిన వస్తువని అనుకోనక్కరలేదు. ఈ తీరపు వేటగాళ్ళు గాలానికి మెరిసే ప్లాస్టిక్ పీచు కట్టి, నడిచే బోటు వెనుక లాగి వంజరాలను పడుతూనే ఉన్నారు. మా సరంగు దగ్గరున్న అటువంటి పీచు గాలం, నా ఖరీదైన ప్లగ్గుకు ఏమాత్రం తీసిపోలేదు. వంజరం పళ్ళు నైలాన్ దారాన్ని ఇట్టే తెంపుతాయి కనుక గాలానికి పైన జానెడు ఉక్కు తీగ తప్పదు. అయితే తేట నీటిలో ఆ తీగ కనబడి చేప వెనుకాడుతుంది. అందుకే వీలైనంత సన్నటి తీగ, వీలైనంత పొట్టిగా వాడాలి.

గట్టి అడుగు మీదికి చేరాక లెక్క మారింది. అక్కడ ముందు జిగ్గు దింపాము. లోతు ఎన్ని మీటర్లో దానికి మూడు నాలుగు రెట్ల గ్రాముల బరువు తీసుకోవడం ఆరంభానికి సరిపోయే లెక్క. ముప్పై మీటర్లకు వంద గ్రాముల చుట్టుపక్కల. బోటును లంగరు వేయకుండా ప్రవాహంలో వదిలి, జిగ్గును అడుగుకు తాకించి పైకి లాగుతూ పోతే, బురద ఎక్కడ ముగిసి రాయి ఎక్కడ మొదలవుతుందో చేతికి తెలుస్తుంది: బురదలో అది మెత్తగా కూరుకుంటుంది, రాతి మీద ‘టక్’మంటుంది. పార చేపలు జిగ్గుకే వచ్చాయి. గ్రూపర్లు మాత్రం రాదలచుకోలేదు. అవి కన్నంలో కూర్చుని ముందుకు వచ్చినదానిని మింగే జాతి. ఎండ పైకెక్కి మందకొడిగా ఉన్న వేళ వాటిని కదిలించాలంటే ముక్కు ముందర వాసన పెట్టాలి. అప్పుడు ప్రవాహానికి ఎగువన లంగరు వేసి, స్క్విడ్ ముక్క గుచ్చి దింపాము. రొయ్య వాటికి ఇష్టమే గాని చిన్న చేపలు దానిని ముందే ఒలుచుకుపోతాయి. స్క్విడ్ గట్టిది, నిలుస్తుంది. సీసపు గుండును అసలు తాడుకన్నా సన్నటి దారంతో కట్టాలి, రాళ్ళ సందున ఇరుక్కుంటే గుండు ఒక్కటే తెగి మిగతాది చేతికి వస్తుంది.

ఎరకు ఉన్న పెద్ద లోపం చిన్న చేపలు గాలాన్ని కడుపు దాకా మింగేయడం. మొన లోపలికి వంగిన సర్కిల్ గాలం వాడి, గుంజకుండా నిదానంగా చుడితే చాలావరకు మూతి మూలనే పడుతుంది. అయినా చాలా లోతు నుంచి వేగంగా పైకి తెచ్చిన చేపకు గాలితిత్తి ఉబ్బిపోతుంది, వదిలినా తేలిపోతుంది. అందువల్ల కూరకు సరిపడా దొరికాక లోతు వేట ఆపి, పైనీటిలో లూరు వేసుకోవడం ధర్మం.

యానాంలో ఒక రాత్రి చాలు. పుదుచ్చేరి పాలనలోని ఊరు కాబట్టి మద్యం చవక, వారాంతాలలో గదులు ఆ లెక్కనే నిండుతాయి. గౌతమి ఒడ్డున సాయంత్రం బాగుంటుంది గాని వేటకు ప్రత్యేక సౌకర్యం ఏమీ కనబడలేదు. కోరింగ మడ అడవులు 1978 నుంచి అభయారణ్యం, అక్కడికి గాలం తీసుకెళ్ళే ఆలోచనే వద్దు. కుటుంబంతో వచ్చినవారు చెక్క వంతెన మీద నడిచి రావచ్చు. ఎస్. యానాం (ఇది వేరే ఊరు) ఎదుట రవ్వ క్షేత్రపు చమురు వేదికల కింద చేప బాగా చేరుతుందని అందరూ ఆశపెడతారు. అటువంటి వేదికల చుట్టూ 500 మీటర్ల మేర భద్రతా వలయం ఉంటుంది. ఆ లోపలికి తీసుకెళతానని చెప్పే బోటు ఎక్కకపోవడమే మంచిది.

దిండి సంగతి వేరు. పర్యాటక శాఖ వారి రిసార్టు గదులు వసిష్ఠకు ఎదురుగా, కొబ్బరి తోటల నడుమ ఉన్నాయి. వేట మీద ఆసక్తి లేనివారు వెంట ఉంటే డెల్టాలో ఇంతకన్నా మంచి బస నాకు కనబడలేదు. హౌస్‌బోటు విశ్రాంతికి బాగుంటుంది, గాలానికి పనికిరాదు: ఎత్తు ఎక్కువ, ఇంజను చప్పుడు ఎక్కువ, మనకు కావలసిన చోట ఆగదు. చిన్న నావ మాట్లాడుకుని రేవు గుంజల పక్కన, కాలువలు కలిసే చోట పండుగప్ప కోసం కూర్చోవాలి. నీరు చల్లగా ఉండే ఆ నెలల్లో పండుగప్ప మందంగా ఉంటుంది, లూరు వెంట పరుగెత్తదు. బతికిన రొయ్యనో, చిన్న కొయ్యంగ చేపనో వీపు దగ్గర గుచ్చి, పాటు మొదలయ్యే వేళకు వదిలితే ఫలితం ఉంటుంది. దానితో పాటు జెల్లలు కూడా వస్తాయి, వాటి ముల్లు గుచ్చుకుంటే ఆ పూట వేట ముగిసినట్టే. పటకారు లేకుండా తీయకూడదు. పండుగప్ప మొదట మగదిగా పెరిగి తరువాత ఆడదవుతుంది కాబట్టి బాగా పెద్దదంటే దాదాపు ఆడదే. దానిని వదిలేస్తే మొగకు మేలు.

అంతర్వేది వసిష్ఠ మొగకు అతి దగ్గర, కాని మాఘంలో భీష్మ ఏకాదశి నాటి రథోత్సవానికి జనం పోటెత్తడంతో గది దొరకదు. సత్రాలలో చేప పెట్టెతో దిగడం కూడా మర్యాద కాదు. నరసాపురంలో బస చేసి, సఖినేటిపల్లి రేవుకు పంటు మీద దాటడం నయం. మొగ దగ్గర ఇసుక మేటల మీద పాటు నీరు, సముద్రపు గాలి ఎదురెదురుగా తగిలినపుడు అల నిటారుగా లేస్తుంది. లైఫ్ జాకెట్లు ఉన్నాయని చెప్పడం కాదు, ఎక్కే ముందు కళ్ళతో చూడాలి. మాకు ఒక నావలో చూపించినవాటికి తాళ్ళే లేవు, దిగిపోయాము.

బేరం ఎక్కడైనా డీజిలు, ఐసు, మనుషుల కూలి విడివిడిగా మాట్లాడుకోవాలి. పట్టిన చేప ఎవరిదన్నది కూడా రేవు వదలకముందే తేల్చుకోవాలి: కాకినాడలో మా సరంగు తన పీచు గాలానికి పడినది తనదని, మా గాలాలకు పడినది మాదని ముందే చెప్పాడు, ఆ రోజు పెద్ద వంజరం అతని గాలానికే పడింది.