ఏడుగురితో తిరుమలకు: హైక్రాస్ హైబ్రిడా, ఎక్స్‌యూవీ700 డీజిలా?

అలిపిరి చెక్‌పోస్టులో అందరూ దిగాలి, లగేజీ మొత్తం దించి స్కానర్ మీద పెట్టాలి. షోరూంలో ఎవరూ పట్టించుకోని సంగతి అక్కడ తేలుతుంది: ఏడుగురు ఎక్కాక డిక్కీలో ఎంత పడుతుంది? మూడో వరుస లేపి ఉంచితే టయోటా ఇన్నోవా హైక్రాస్‌లో 300 లీటర్లు, మహీంద్రా ఎక్స్‌యూవీ700లో 240. ఆ 60 లీటర్లంటే మోస్తరు బ్యాక్‌ప్యాక్‌లు రెండు. ఎక్స్‌యూవీలో వెళ్తే ట్రాలీ సూట్‌కేసులు ఇంట్లోనే వదిలేసి మెత్తటి సంచులు సర్దుకోండి, సందుల్లో ఇముడుతాయి. పైన క్యారియర్ మీద టార్పాలిన్ కప్పి కడితే అలిపిరిలో ఆ ముళ్ళన్నీ విప్పి మళ్ళీ బిగించుకోవాల్సిందే.

అమ్మమ్మ, తాతయ్య వస్తుంటే హైక్రాస్ ఏడు సీట్ల మోడలే మేలు. మధ్య వరుసలో రెండు విడి సీట్లు, నడుమ దారి ఉంటుంది. సీటు మడవకుండానే పిల్లలు వెనక్కి వెళ్ళిపోతారు. ఎక్స్‌యూవీ మూడో వరుసలో నేల ఎత్తు కాబట్టి పెద్దవాళ్ళ మోకాళ్ళు పైకి లేస్తాయి. హైదరాబాద్ నుంచి తిరుపతి అయిదు వందల కిలోమీటర్ల పైమాటే, అంతదూరం అలా కూర్చోవడం కష్టం.

ఇక ఖర్చు. హైబ్రిడ్ అంటే పెట్రోల్ ఇంజన్‌కు బ్యాటరీతో తిరిగే మోటారు తోడైన కారు. లీటరు పెట్రోల్ 107, డీజిల్ 96 అనుకుందాం. హైవే మీద లీటరుకు హైబ్రిడ్ 16 కిలోమీటర్లు, డీజిల్ 14.5 ఇస్తే వెయ్యి కిలోమీటర్లకు ఒకదానికి సుమారు 6,690 రూపాయలు, రెండోదానికి 6,620. తేడా లేనట్టే. అదే ఊళ్ళో, ట్రాఫిక్‌లో హైబ్రిడ్ 17, డీజిల్ 10 ఇస్తే 6,290కీ 9,600కీ మధ్య మూడు వేల పైన తేడా. కాబట్టి ఏడాదికి రెండు యాత్రలు చేసి మిగతా రోజుల్లో బడికీ ఆఫీసుకీ తిప్పే ఇంటికి హైబ్రిడ్ నప్పుతుంది. నెలనెలా హైవే ఎక్కేవాళ్ళకు మైలేజీ చూసి హైబ్రిడ్‌కు ఎక్కువ ధర పెట్టనక్కర్లేదు.

డీజిల్‌కు ఊళ్ళో ఇంకో చిక్కుంది. పొగగొట్టంలో మసిని పట్టే ఫిల్టర్, అంటే డీపీఎఫ్‌లో, మసి పేరుకుంటుంది. దాన్ని కాల్చే పని మధ్యలో రోజూ ఇంజన్ ఆపేస్తుంటే, కాల్చడానికి అదనంగా చిమ్మిన డీజిల్ కొంత ఇంజన్ ఆయిల్లో కలుస్తుంది. డిప్‌స్టిక్ మీద ఆయిల్ మట్టం పెరిగిందంటే అదే కారణం కావచ్చు. తగ్గలేదు కదా అని సంతోషించకుండా సర్వీసుకు ఇవ్వండి. కర్నూలు దారిలో అరగంట నిలకడగా నడిపితే మసి చాలావరకు కాలిపోతుంది.

హైబ్రిడ్‌లో చూసుకోవాల్సింది బ్యాటరీ గాలి దారి. బ్యాటరీ ముందు సీట్ల కింద ఉంటుంది, చల్లబరిచే గాలి క్యాబిన్ నుంచే వెళ్తుంది. అక్కడ చెప్పులు, సంచులు కుక్కితే అది వేడెక్కుతుంది. ప్రతి సర్వీసులో ఆ గాలి దారిలోని జల్లెడ (ఫిల్టర్) శుభ్రం చేయించండి. బ్యాటరీకి 8 ఏళ్ళు లేదా 1.6 లక్షల కిలోమీటర్ల వారంటీ ఉంది.

టైర్ల దగ్గర ఎక్స్‌యూవీది పైచేయి. పై వేరియంట్లలో రెండింటికీ 18 అంగుళాల చక్రాలే. హైక్రాస్‌వి 225/50, అంటే సైడ్‌వాల్ (రిమ్ము నుంచి నేల దాకా టైరు పక్క గోడ) ఎత్తు 11 సెంటీమీటర్లు. ఎక్స్‌యూవీవి 235/60, 14 సెంటీమీటర్లు. రాత్రి గుంత కనపడక దిగితే ఆ మూడు సెంటీమీటర్లే టైరునీ రిమ్మునీ కాపాడతాయి.

కొండ దిగేది మొదటి ఘాట్ రోడ్డులో. నిండుగా ఉన్న కారు సుమారు 700 మీటర్ల ఎత్తు దిగితే నాలుగు కరెంటు యూనిట్ల దాకా శక్తి విడుదలవుతుంది. బ్రేకు వేసినప్పుడు హైబ్రిడ్ ఆ శక్తిని కరెంటుగా మార్చి బ్యాటరీలో దాస్తుంది. కానీ ఆ బ్యాటరీ రెండు యూనిట్లు కూడా పట్టదు, సగం దారిలోనే నిండుతుంది. అప్పుడు బ్రేకు శక్తిని దాచుకునే చోటు లేక కారు ఇంజన్‌ను వేగంగా తిప్పి దాన్ని ఖర్చుపెడుతుంది. యాక్సిలరేటర్ తొక్కకపోయినా హోరు వినిపిస్తే అది చెడిపోవడం కాదు. డీజిల్ ఆటోమేటిక్ అయితే మాన్యువల్ మోడ్‌లో రెండో, మూడో గేరుకు దించి, బ్రేకును పట్టి ఉంచకుండా మలుపుకు ముందు ఒకసారి గట్టిగా నొక్కి వదలండి. ఏ కారైనా కిందికొచ్చేసరికి చక్రాల దగ్గర మాడిన వాసన వస్తే, నీళ్ళు కొట్టకుండా నీడలో పావుగంట ఆపండి. కాలిన బ్రేకు డిస్కు మీద చన్నీళ్ళు పడితే వంకరపోవచ్చు.