వెట్స్ (పశువైద్యులు) కోసం ఉన్న సీఈ (డిగ్రీ తర్వాత కొనసాగించే చదువు) కోర్సులు, రిఫరెన్స్ సైట్లు: వాడి చూశాక నా రివ్యూ

కాలేజీ అయిపోయి ప్రాక్టీస్‌లో పడ్డాక చదువు ఎలా సాగుతుందో మనందరికీ తెలిసిందే. పొద్దున్నుంచి కేసులు, మధ్యలో సర్జరీలు, రాత్రిపూట ఫోన్లు, చివరికి లైసెన్స్ రెన్యూవల్ దగ్గరపడ్డాక దానికి కావాల్సిన సీఈ క్రెడిట్స్ గుర్తొచ్చి ఏ వెబినార్ దొరికితే అది ఆన్ చేసి పక్కన పెట్టేయడం. నేనూ చాలా ఏళ్లు అలాగే నెట్టుకొచ్చా. రెండేళ్ల కింద ఒక అలవాటు మొదలుపెట్టా, ఏ కోర్సు చేసినా ఏ సైట్ వాడినా ఆ తర్వాత వారంలో నా ఎగ్జామినేషన్ టేబుల్ దగ్గర ఏం మారిందో ఒక నోట్‌బుక్‌లో రాసుకోవడం, ఏమీ మారకపోతే ఏమీ మారలేదనే రాయడం. కింద రాసేదంతా ఆ నోట్‌బుక్ ముందు పెట్టుకుని రాస్తున్నదే.

అన్నిటికంటే ఎక్కువ పేజీలు నిండింది రికవర్ అనే గ్రూప్ వాళ్ల సీపీఆర్ (గుండె, శ్వాస ఆగిన జంతువుని బతికించే ప్రయత్నం) ట్రైనింగ్‌కి. కుక్కలు, పిల్లుల సీపీఆర్ కోసం ఆధారాలన్నీ జల్లెడపట్టి 2012లో మొదటిసారి గైడ్‌లైన్స్ ఇచ్చింది వీళ్లే, 2024లో మళ్లీ అప్‌డేట్ చేశారు. నేను ఇందులో చేరడానికి కారణం ఒక పిల్లి. స్పే (పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్) అయిపోయి స్కిన్ కుట్లు వేస్తుంటే అసిస్టెంట్ శ్వాస ఆగిందని చెప్పింది, నేను స్టెతస్కోప్ పెట్టి విన్నా, మళ్లీ ఇంకో వైపు పెట్టి విన్నా, పల్స్ కోసం తొడ దగ్గర వెతికా, నాలుగు కంప్రెషన్లు (ఛాతీ నొక్కడం) ఇచ్చి మళ్లీ ఆపి విన్నా. ఆ పిల్లి దక్కలేదు. ఆ రోజు ఎంత టైమ్ వెతకడానికే పోయిందో కోర్సులో కూర్చున్నాక గానీ నాకు అర్థం కాలేదు. స్పృహ లేదు, శ్వాస లేదు అంటే చాలు, పల్స్ కోసం వెతుక్కుంటూ కూర్చోకుండా వెంటనే కంప్రెషన్లు మొదలుపెట్టాలి, మొదలుపెట్టాక రెండు నిమిషాల దాకా ఆపకూడదు, ఎందుకంటే ఆపిన ప్రతిసారీ గుండె కండరానికి వెళ్లే రక్తం ప్రెజర్ పడిపోతుంది, తిరిగి మొదలుపెట్టినా అది వెంటనే పైకి రాదు, మెల్లగా పెరగాలి. నేను ఆ రోజు చేసింది దాన్ని పెరగనివ్వకుండా పదే పదే కిందకి లాగడమే.

ఆన్‌లైన్ భాగం బాగుంటుంది గానీ అసలు విలువ బొమ్మ కుక్క మీద చేసే ప్రాక్టికల్‌లో ఉంది. నిమిషానికి 100 నుంచి 120 కంప్రెషన్లు, జంతువు పక్కకి పడుకుని ఉంటే ఛాతీ వెడల్పులో మూడో వంతు నుంచి సగం దాకా లోతు. ఇవి నాకు చదివి తెలిసినవే. కానీ నా చేతులు బొమ్మ మీద పెట్టాక స్క్రీన్ మీద గీత కింద నుంచి పూర్తిగా పైకి రావట్లేదు, అంటే నేను నొక్కాక పూర్తిగా వదలట్లేదు, తెలియకుండానే ఛాతీ మీద బరువు ఆనించి ఉంచుతున్నా. ఛాతీ పూర్తిగా పైకి లేవకపోతే లోపలి ప్రెజర్ తగ్గదు, గుండెలోకి రక్తం తిరిగి రాదు, ఇక ఎంత గట్టిగా నొక్కినా బయటికి పోయేది ఏముంటుంది. ట్రైనర్ నా భుజం పట్టుకుని కొంచెం వెనక్కి లాగి, టేబుల్ పక్కన చిన్న స్టూల్ వేసి ఎక్కమన్నారు, అంతే, గీత సరైపోయింది. మా క్లినిక్‌లో ఇప్పుడు రికవరీ ఏరియాలో ఒక స్టూల్ ఎప్పుడూ ఉంటుంది, దాన్ని ఎవరూ వేరే పనికి తీయరు.

చేతులు ఎక్కడ పెట్టాలన్నది కూడా జంతువు ఆకారాన్ని బట్టి మారుతుందని అక్కడే సరిగ్గా పట్టుబడింది. గ్రేహౌండ్ లాంటి సన్నటి లోతైన ఛాతీ అయితే సూటిగా గుండె మీద, గుండ్రటి ఛాతీ ఉన్న పెద్ద కుక్కలకి ఛాతీ బాగా వెడల్పుగా ఉన్న చోట, బుల్‌డాగ్ అయితే వెల్లకిలా పడుకోబెట్టి స్టెర్నమ్ మీద, పిల్లులకి ఛాతీని రెండు చేతులతో చుట్టి బొటనవేళ్లతో. గొంతులో శ్వాస ట్యూబ్ వేశాక నిమిషానికి 10 శ్వాసలు, అంతకంటే ఎక్కువ వద్దు, కంగారులో అందరం బ్యాగ్ టకటకా నొక్కేస్తాం, అది మేలు చేయదు, చెడే చేస్తుంది. క్యాప్నోగ్రాఫ్ ఉంటే ఎండ్ టైడల్ (బయటికి వదిలే శ్వాస చివర్లో ఉండే కార్బన్ డయాక్సైడ్) కనీసం 18 ఎంఎంహెచ్జీ దాకా తేవాలని కొత్త గైడ్‌లైన్స్ చెప్తున్నాయి, ఆ నంబర్ చూస్తూ నొక్కితే మన కంప్రెషన్లు పనిచేస్తున్నాయో లేదో మనకే తెలిసిపోతుంది.

కోర్సు తర్వాత క్లినిక్‌లో రెండు అరెస్ట్‌లు (గుండె ఆగిపోవడం) జరిగాయి. ఒకటి డెంటల్ చేయించుకుని రికవరీలో ఉన్న కుక్క, రెండో సైకిల్‌లోనే ఎండ్ టైడల్ ఒక్కసారిగా పైకి లేచింది, సాయంత్రానికి లేచి నిలబడింది. అనస్థీషియా చుట్టూ అరెస్ట్ అయినవాటికి మిగతావాటి కంటే బతికే అవకాశం బాగా ఎక్కువ, అందుకే సర్జరీ చేసే ప్రతి చిన్న క్లినిక్‌కీ ఈ ట్రైనింగ్ ముందు కావాలని నేను అంటున్నా. రెండోది సెప్సిస్‌తో వచ్చిన కుక్క, అన్నీ సరిగ్గా చేశాం, రాలేదు. కానీ ఆ రాత్రి ఓనర్‌తో మాట్లాడేటప్పుడు చేయాల్సినవన్నీ చేశామని నేను ఆయన కళ్లలోకి చూసి చెప్పగలిగా.

ఇందులో లోటు ఏమిటంటే నేర్చుకున్నది చాలా త్వరగా జారిపోతుంది. కనీసం ఆరు నెలలకోసారి రిఫ్రెషర్ చేయాలని గైడ్‌లైన్సే చెప్తున్నాయి, ఆ పని మన మీదే పడుతుంది, సర్టిఫికెట్ గోడకి తగిలించి వదిలేస్తే ఏం లాభం. ఇంకోటి, మీరు ఒక్కరే వెళ్లి చేసి వస్తే సగం డబ్బు వృథా, అసిస్టెంట్‌ని, నర్స్‌ని కూడా తీసుకెళ్లండి, అరెస్ట్ అయినప్పుడు మొదట చెయ్యి వేసేది చాలాసార్లు వాళ్లే.

తర్వాతిది ఐరిస్, కిడ్నీ జబ్బుల కోసం 1998లో మొదలైన గ్రూప్. జబ్బు ఏ దశలో ఉందో చెప్పే వీళ్ల స్టేజింగ్ టేబుల్ ఫ్రీగానే దొరుకుతుంది, రెండు మూడు పేజీలు అంతే, కానీ నా నోట్‌బుక్‌లో దీనికి చాలా ఎక్కువ ఎంట్రీలు ఉన్నాయి. నీళ్లు ఎక్కువ తాగుతోందని ఒక ముసలి పిల్లిని తెచ్చారు, క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్త పరీక్ష) 2.0, ల్యాబ్ రిపోర్ట్‌లో అది నార్మల్ రేంజ్ లోపలే ఉంది, పక్కన ఎర్ర గుర్తు కూడా లేదు. పాత నేనైతే పంపించేసేవాణ్ణి. ఐరిస్ లెక్కలో పిల్లికి 1.6 నుంచి 2.8 మధ్య స్టేజ్ 2. యూరిన్ చూస్తే పల్చగా ఉంది, కొన్ని వారాల తర్వాత డీహైడ్రేషన్ లేకుండా చూసుకుని మళ్లీ చేస్తే అదే నంబర్, అప్పుడు బీపీ చూస్తే పైది 180 దాటింది. ఐరిస్ ప్రకారం అది తీవ్రమైన బీపీ, కళ్లు, మెదడు, గుండె అన్నిటికీ ముప్పే. ఆమ్లోడిపిన్ అనే బీపీ మందు మొదలుపెట్టాం, రెటీనా (కంటి వెనక పొర) ఊడకముందే దొరికింది. మెషీన్ కొని రెండేళ్లు అల్మరాలో ఉంచుకున్న నాకు బీపీ చూడటం అలవాటు చేసింది ఆ ఒక్క టేబుల్ అని చెప్పొచ్చు.

వ్యాక్సిన్ల విషయంలో డబ్ల్యూఎస్ఏవీఏ (చిన్న జంతువుల వెట్ల ప్రపంచ సంఘం) గైడ్‌లైన్స్, 2024 వెర్షన్ ఫ్రీ. పొడుగ్గా ఉంటుంది, ఒక్కసారి కూర్చుని చదవలేం, కానీ చివర్లో ఉన్న ప్రశ్నలు జవాబుల భాగం ఒక్కటి చదివినా చాలు. మా దగ్గర పప్పీ షెడ్యూల్ 12 వారాలకే ఆపేసే అలవాటు ఉండేది, తల్లి నుంచి వచ్చిన యాంటీబాడీలు కొన్ని పిల్లల్లో అప్పటికి ఇంకా మిగిలి ఉంటాయి, అవి వ్యాక్సిన్‌ని అడ్డుకుంటాయి, అందుకే చివరి డోస్ 16 వారాలకి గానీ ఆ తర్వాత గానీ పడాలి. వ్యాక్సిన్ వేయించాం కదా డాక్టర్ గారూ, పార్వో ఎలా వచ్చింది అని అడిగిన వాళ్ల ముందు నిలబడి ఉన్నవాళ్లకి ఈ వాక్యం బరువు తెలుస్తుంది. ఏడాది వయసులో వేసే బూస్టర్‌ని 26 వారాల దగ్గరికి ముందుకు జరపమని కూడా చెప్తారు, మొదటి సిరీస్ పనిచేయని పిల్ల ఏడాది దాకా రక్షణ లేకుండా ఉండిపోకూడదని.

గుండె జబ్బులకి ఏసీవీఐఎం (అమెరికా వెటర్నరీ ఇంటర్నల్ మెడిసిన్ స్పెషలిస్టుల సంస్థ) కన్సెన్సస్ స్టేట్‌మెంట్స్ ఓపెన్‌గా దొరుకుతాయి, కుక్కల గుండెలోని మైట్రల్ వాల్వ్ జబ్బు మీద 2019లో వచ్చింది తప్పకుండా చదవండి. మర్మర్ (గుండెలో అదనపు శబ్దం) వినగానే మందు రాసేయకుండా, బీ2 స్టేజ్ (లక్షణాలు లేకున్నా గుండె పెద్దదైన దశ) అంటే ఏ కొలతలు కావాలో, పిమోబెండన్ అనే గుండె మందు ఎప్పుడు మొదలుపెట్టాలో స్పష్టంగా ఉంటుంది. 

ఎంఎస్‌డీ వెటర్నరీ మాన్యువల్ గురించి అందరికీ తెలుసు, 1955లో పుస్తకంగా మొదలై ఇప్పుడు మొత్తం ఆన్‌లైన్‌లో ఫ్రీగా ఉంది. పశువులు, గొర్రెలు, కోళ్లు, ఎప్పుడో ఒకసారి వచ్చే కుందేలు, తాబేలు, ఇలాంటివాటికి నేను మొదట తెరిచేది ఇదే. ఓనర్ల కోసం వేరే వెర్షన్ ఉంది, మనం చెప్పిందే వాళ్లకి ఇంటికెళ్లి చదువుకునే భాషలో ఉంటుంది కాబట్టి లింక్ పంపిస్తుంటా. కొన్ని చాప్టర్లు లోతుగా, కొన్ని పైపైన ఉంటాయి, కష్టమైన కేసులో ఇది మొదటి మెట్టు మాత్రమే. మందుల డోసులకి మాత్రం విడిగా ఒక వెటర్నరీ ఫార్ములరీ యాప్ డబ్బు పెట్టి తీసుకోండి, మనుషుల మందుల యాప్ చూసి కిలో లెక్క వేసుకునే పద్ధతి దయచేసి మానేయండి. పిల్లి లివర్‌కి పారాసిటమాల్‌ని గ్లూకురొనైడ్‌గా మార్చి బయటికి పంపే శక్తి చాలా తక్కువ, ఒక్క మాత్ర ప్రాణం తీయొచ్చు, ఇలాంటి హెచ్చరిక ఆ యాప్‌లలో ఎక్కడ కనిపిస్తుంది.

ఇప్పుడు నాకు కోపం తెప్పించినది. ఒక పెయిడ్ వెబినార్ ప్లాట్‌ఫామ్, పేరు రాయను, ఏడాది సబ్‌స్క్రిప్షన్ తీసుకున్నా. వందల వీడియోలు ఉన్నాయి గానీ ఏ వీడియో ఏ సంవత్సరంలో రికార్డ్ చేశారో ఎక్కడా ఉండదు. ఎమర్జెన్సీ సెక్షన్‌లో ఒక వీడియోలో సీపీఆర్ ఎంతసేపటికీ ఫలించకపోతే అడ్రినలిన్ హై డోస్‌కి వెళ్లమంటున్నారు, అట్రోపిన్ అనే ఇంకో మందు మళ్లీ మళ్లీ ఇవ్వమంటున్నారు. 2024 గైడ్‌లైన్స్ హై డోస్ వద్దన్నాయి, అట్రోపిన్ ఇస్తే ఒక్కసారే అన్నాయి. ఇది చూసి ఎవరో యువ డాక్టర్ రేపు అదే చేస్తారు కదా, బాధ్యత ఎవరిది. మెయిల్ పెట్టా, థాంక్స్ అని ఆటోమేటిక్ రిప్లై వచ్చింది, వీడియో అలాగే ఉంది. పైగా కిడ్నీ డైట్ మీద ఉన్న గంట లెక్చర్‌లో చివరి ఇరవై నిమిషాలు ఒకే కంపెనీ ఫుడ్ గురించి. క్విజ్ అయితే వీడియో చూడకుండానే పాసైపోవచ్చు, నేను కావాలనే ఒకటి అలా చేసి చూశా, సర్టిఫికెట్ వచ్చేసింది. నోట్‌బుక్‌లో ఆ ఏడాది మొత్తం ఆ ప్లాట్‌ఫామ్ పేరు కింద ఒక్కటే మంచి ఎంట్రీ ఉంది.

ఆ ఒక్కటీ దూడల మీద. జున్నుపాల నాణ్యతని, పాలల్లో కరిగి ఉన్న పదార్థాన్ని కొలిచే చిన్న పరికరం బ్రిక్స్ రిఫ్రాక్టోమీటర్‌తో చూడటం, ఒక్క చుక్క వేసి చూస్తే 22 శాతం గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే మంచి పాలు. తక్కువ వస్తే వేరే తల్లి మంచి జున్నుపాలు పట్టాలి, అదీ పుట్టిన మొదటి గంటల్లోనే, ఒక రోజు గడిచేసరికి పేగు ఆ యాంటీబాడీలని లోపలికి తీసుకోవడం మానేస్తుంది. ఆ లెక్చరర్ ఎవరో గానీ ఎంతో శ్రద్ధగా చెప్పారు, డైరీ కేసులు చూసేవాళ్లు ఈ పరికరం బ్యాగ్‌లో వేసుకోండి.

అల్ట్రాసౌండ్ మాత్రం వీడియోలు చూసి రాదు. నేను మూడు ఆన్‌లైన్ కోర్సులు చేశాక కూడా బ్లాడర్ పక్కన ఉన్న కొద్దిపాటి ఫ్లూయిడ్‌ని పట్టలేకపోయేవాణ్ణి, ఒక రోజు హ్యాండ్స్ ఆన్ వర్క్‌షాప్‌లో ప్రోబ్ పట్టుకున్న నా చేతి మీద ట్రైనర్ చెయ్యి వేసి కొంచెం కిందకి వంచగానే కనిపించింది. నలుగురికి మించి ఒక మెషీన్ దగ్గర నిలబెట్టే వర్క్‌షాప్ అయితే డబ్బు కట్టకండి, ముందే అడిగి తెలుసుకోండి.

చివరగా ఒక చిన్న విషయం, చాలామంది అడుగుతున్నారు కాబట్టి రాస్తున్నా. సీపీఆర్ సమయంలో చూసుకోవడానికి మా క్లినిక్ గోడ మీద పెట్టిన అడ్రినలిన్ డోసుల చార్ట్ మేమే చేసుకున్నాం. లో డోస్ కిలోకి 0.01 మిల్లీగ్రాములు, ఒక ఎంఎల్‌లో ఒక మిల్లీగ్రాము ఉండే యాంపూల్ అయితే 10 కిలోల కుక్కకి 0.1 ఎంఎల్, మూడు నుంచి ఐదు నిమిషాలకోసారి. 4 కిలోల పిల్లికి 0.04 ఎంఎల్ వస్తుంది, కంగారులో అంత చిన్న గీత సిరంజిలో కనిపించదు, అందుకని ఒక ఎంఎల్‌ని సెలైన్‌తో పది ఎంఎల్ చేసి, ఆ సిరంజి మీద డైల్యూట్ అని పెద్దగా రాసి, 0.4 ఎంఎల్ తీస్తాం. చార్ట్‌లో పిల్లుల వరుస వేరే రంగులో ఉంటుంది, డైల్యూట్ చేసింది వాడాలని పక్కనే రాసి ఉంటుంది. మీ దగ్గర యాంపూల్ బలం వేరేలా ఉంటే లెక్క మార్చుకుని, ఇద్దరు విడివిడిగా చెక్ చేశాకే గోడకి అంటించండి.