జటాయువు బాగుంది, లాడ్జి గురించే నా ఏడుపంతా

లేపాక్షి వెళ్లేవాళ్లు హిందూపురంలో రూమ్ తీసుకునే ముందు ఒక్క మాట అడగండి: చెక్ అవుట్ ఎన్నింటికి? అది అడగకపోవడం వల్ల నాకు 1,400 వదిలాయి.

కాచిగూడలో రాత్రి రైలెక్కితే తెల్లవారుజామున నాలుగున్నరకు హిందూపురంలో దిగాం. నేను, మా ఆవిడ, ఎనిమిదేళ్ల మావాడు, మా అత్తగారు. స్టేషన్ దగ్గర లాడ్జిలో కౌంటర్ మీద తలపెట్టి నిద్రపోతున్న కుర్రాడిని లేపితే, కళ్లు తెరవకుండానే "రూమ్ 1,400, ఎక్స్‌ట్రా పరుపు 200" అన్నాడు. ఆధార్ జిరాక్స్‌లు, మొత్తం డబ్బు ముందే తీసుకున్నాడు. బయట బోర్డు మీద 24 గంటలూ వేడినీళ్లు అని ఉంది. లోపల గీజరు గోడకు అలంకారం. వేడినీళ్లు బకెట్‌కు 30.

స్నానాలు చేసి నడుం వాల్చామో లేదో, తొమ్మిదింటికి తలుపు దబదబా బాదారు. "రోజు అయిపోయింది సార్. ఉండాలంటే ఇంకో 1,400." నాలుగున్నర గంటలకే రోజెలా అయిపోతుందయ్యా అంటే, కౌంటర్ వెనక గోడకున్న కేలండర్ పక్కకు జరిపి చూపించాడు. దాని కింద ఉంది బోర్డు: చెక్ అవుట్ ఉదయం 9. నేను గొంతు పెంచాను. మా ఆవిడ "ఇప్పుడు గొడవెందుకు" అంది గానీ, ఆ తర్వాత గంటసేపు నాతో మాట్లాడలేదు. సామాను, అత్తగారి మోకాళ్లు చూసి కట్టేశాను.

పక్కనే తోపుడు బండి మీద ఉగ్గాని, మిరపకాయ బజ్జీ దొరక్కపోతే ఆ రోజు ఏమయ్యేదో! నానబెట్టి పిండిన బొరుగులు, ఉల్లిపాయ, పైన పుట్నాల పొడి. బజ్జీలో కారం నాలుకకు అంటేసరికి మా ఆవిడ నోరు విప్పింది, "ఇంకో ప్లేటు చెప్పండి" అని. ప్లేటు 40. లాడ్జిలో పోసిన డబ్బుతో డెబ్బై ప్లేట్లు తినొచ్చు.

లేపాక్షి అక్కడికి 15 కిలోమీటర్లు. ఆర్టీసీ బస్సులున్నాయి. మేం అత్తగారి కోసం రానూపోనూ 700కి ఆటో మాట్లాడుకున్నాం.

ఊళ్లోకి రాగానే రోడ్డు పక్కనే నంది. ఒకే రాయి, 27 అడుగుల పొడవు, 15 అడుగుల ఎత్తు. దగ్గర్లోనే బండల గుట్ట మీద రెక్కలు విప్పుకుని జటాయువు. రావణుడు నరికితే పక్షి ఇక్కడే పడిందని, రాముడు "లే పక్షీ" అన్నాడని, ఊరికి ఆ పేరు అలా వచ్చిందని ఆటో అతను చెప్పాడు. మా అత్తగారిది భద్రాచలం. ఊరుకుంటారా?

"జటాయువు పడింది మా ఏటపాకలో కదా బాబూ! రెక్కేమో రేఖపల్లిలో పడింది. ఇక్కడికెప్పుడొచ్చింది?"

"సీతమ్మని ఎత్తుకుని లంక దాకా పోవాల కదమ్మా, దావలో యాడ కొట్టినాడో!" అన్నాడతను.

కేరళలో చడయమంగళం వాళ్లు కూడా మా దగ్గరే పడిందంటారు, 200 అడుగుల పొడవున జటాయువును కట్టారు అని నేను కలగజేసుకున్నాను. అత్తగారు నా వైపు చూసిన చూపు లాడ్జి బిల్లు కంటే ఖరీదైంది.

ఆవిడ నంది నీడలోనే కూర్చున్నారు. నేనూ మావాడూ గుట్టెక్కాం. కింద నుంచి చూస్తే బొమ్మలా ఉన్న పక్షి, కాళ్ల దగ్గరికెళ్లేసరికి మీదికి వాలుతున్నట్టు ఉంది. మావాడు దాని గోళ్లు చూసి నా చెయ్యి పట్టుకున్నాడు. పైనుంచి చూస్తే అంత నందీ అరచేతిలో పట్టేట్టుంది, పక్కన అత్తగారి ఎర్రచీర చుక్కలా. పదకొండు దాటితే బండలు కాలిపోతాయి, పొద్దున్నే ఎక్కండి.

వీరభద్రాలయం గురించి అందరూ రాసిందే. డెబ్బై స్తంభాల్లో వేలాడే స్తంభం కింద అత్తగారు తన రుమాలు దూర్చి అటు నుంచి తీశారు, ఇంటికి మంచిదట. పైకప్పు మీది బొమ్మలకు మాత్రం గంట కేటాయించండి.

సాయంత్రం రూమ్ ఖాళీ చేస్తుంటే అత్తగారు కౌంటర్ వెనక్కి వెళ్లి, మేకుకున్న కేలండర్ తీసి, చుట్ట చుట్టి ఆ కుర్రాడి చేతిలో పెట్టారు. బోర్డు బయటపడింది. అతనేం మాట్లాడలేదు.