క్లోర్‌హెక్సిడిన్ మౌత్‌వాష్ – చిగుళ్లకి ఓకే, గుండెకి మాత్రం కాదు

డాక్టర్ గారు చిగుళ్లు వాచాయని నోట్లో క్రిముల్ని చంపే 0.2 శాతం క్లోర్‌హెక్సిడిన్ మౌత్‌వాష్ రాసిచ్చారు, పొద్దున రాత్రి 10 ఎంఎల్ పుక్కిలించి ఉమ్మేయడమే. వాపు, రక్తం రావడం బానే తగ్గాయి, ఆ విషయంలో వంక పెట్టడానికి లేదు. కానీ ఉప్పు రుచి తెలీదండీ, ఇడ్లీలోకి చట్నీ చప్పగా ఉందని ఇంట్లో గొడవ కూడా పెట్టుకున్నా, పైగా కింది పళ్ల మధ్య టీ మరకలా గోధుమరంగు గార పట్టింది, బ్రష్‌కి పోదు, క్లీనింగ్ చేయించుకోవాల్సిందే.

ఇక మెడికల్ షాపాయన "ఇది వాడితే హార్ట్ ఎటాక్ కూడా రాదు సార్" అన్నాడు చూడండి, అది నమ్మకండి. చిగుళ్ల జబ్బున్నవాళ్లలో గుండె జబ్బులు ఎక్కువ కనిపిస్తాయి, నిజమే, కానీ చిగుళ్లు బాగుచేస్తే గుండెపోటు ఆగుతుందని రుజువు లేదని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2012లోనే చెప్పేసింది. బ్యాక్టీరియాని చంపితే గుండెకి మేలేమోనని, గుండె జబ్బున్న 4 వేల మందికి ఏడాదిపాటు వారం వారం అజిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ మింగించి చూసినా ఉపయోగం లేదని 2005లో తేలింది. ఇంకో తిరకాసు ఏంటంటే, ఆకుకూరల్లోని నైట్రేట్‌ని బీపీ తగ్గించే పదార్థంగా మార్చే మంచి బ్యాక్టీరియా కూడా నోట్లోనే ఉంటుంది, ఈ మౌత్‌వాష్ దాన్నీ చంపేస్తుంది, కొన్ని చిన్న స్టడీల్లో బీపీ కాస్త పెరిగింది కూడా.

డాక్టర్ చెప్పినన్నాళ్లు వాడి ఆపేయండి, బీపీ మాత్రలు మాత్రం ఆపకండి. చిగుళ్లకైతే 5కి 4 ఇస్తా, గుండెకి సున్నా.