నెట్‌వర్క్ మేనేజర్ రివ్యూ: నెట్ ఎక్కడ ఆగిందో చెప్పే టూల్

లినక్స్ కంప్యూటర్‌లో నెట్ రాకపోతే చాలామంది ముందు రీస్టార్ట్ చేస్తారు. అప్పటికీ రాకపోతే ఎక్కడో దొరికిన నాలుగు కమాండ్‌లు తెచ్చి టెర్మినల్‌లో వరసగా వేస్తారు. ఇంట్లోవాళ్లవి, స్నేహితులవి లినక్స్ మెషీన్లన్నీ రిపేరుకి నా దగ్గరికే వస్తాయి. అలా వచ్చినవాటిలో అసలు సమస్య చిన్నదే ఉంటుంది, కంగారులో వేసిన కమాండ్‌లు పెట్టిన చిక్కు మాత్రం పెద్దదై ఉంటుంది. పోయింది ఫ్యూజా, బల్బా అని చూడకుండా గోడలో వైరింగ్ మార్చినట్టు. అందుకే లినక్స్‌లో నెట్ కనెక్షన్లన్నీ చూసుకునే, నేను నమ్మి వాడే నెట్‌వర్క్ మేనేజర్ గురించి, ముఖ్యంగా దాని కమాండ్ రూపమైన ఎన్ఎంసీఎల్ఐ గురించి, వివరంగా రాస్తున్నాను.

నెట్‌వర్క్ మేనేజర్‌ని 2004లో లినక్స్ కంపెనీ రెడ్ హ్యాట్ వాళ్లు మొదలుపెట్టారు. కేబుల్ తీసేస్తే వైఫైకి, వైఫై పోతే కేబుల్‌కి దానంతట అదే మారాలన్నది ఉద్దేశం. మొదట్లో దీనికి అంత మంచి పేరు లేదు, ఇన్‌స్టాల్ అవగానే తీసేయమని సలహా ఇచ్చేవాళ్లు ఉండేవారు. ఆ సలహా ఇప్పుడు పాటించకండి. ఫెడోరా, ఉబుంటు డెస్క్‌టాప్, గ్నోమ్ డెస్క్‌టాప్ ఉన్న డెబియన్, ఈ లినక్స్ రకాలన్నిటిలోనూ నెట్‌వర్క్ దీని చేతిలోనే ఉంటుంది. సగం తీసేసి సగం చేత్తో రాసుకున్న మెషీన్‌ని బాగుచేయడమే అన్నిటికన్నా కష్టం.

నాకు ఇందులో అన్నిటికన్నా నచ్చింది ‘ఎన్ఎంసీఎల్ఐ డివైస్ స్టేటస్’. కంప్యూటర్‌లో ఉన్న ప్రతి నెట్‌వర్క్ కార్డుకీ ఎదురుగా ఒక్క మాటలో దాని స్థితి చూపిస్తుంది. ‘కనెక్టెడ్’ అని ఉంటే ఈ కార్డు వరకు పని అయింది, లోపం అవతల ఉంది. ‘డిస్‌కనెక్టెడ్’ అంటే కార్డు సిద్ధంగా ఉంది కానీ ఏ ప్రొఫైలూ (దాచిపెట్టిన కనెక్షన్ సెట్టింగులు) నడవడం లేదు. ‘అన్‌అవైలబుల్’ అంటే కేబుల్‌లో సిగ్నల్ లేదు, లేదా వైఫై రేడియో ఆపి ఉంది. ‘అన్‌మేనేజ్డ్’ అంటే ఆ కార్డుని నెట్‌వర్క్ మేనేజర్ ముట్టుకోవడం లేదు. నాలుగూ నాలుగు వేరే దారులు. ఏ దారిలో వెళ్లాలో మొదటి నిమిషంలోనే తెలిసిపోతే సగం టెన్షన్ తగ్గుతుంది.

‘అన్‌మేనేజ్డ్’ దగ్గర కొత్తవాళ్లు బాగా ఇబ్బంది పడతారు. డెస్క్‌టాప్ లేకుండా డెబియన్ వేసుకుని, తర్వాత డెస్క్‌టాప్ కలుపుకున్న మెషీన్లలో ఇది తరచుగా కనిపిస్తుంది. ఇన్‌స్టాలర్ ఆ కార్డు పేరుని ఈటీసీ కింద నెట్‌వర్క్ ఫోల్డర్‌లోని ఇంటర్‌ఫేసెస్ ఫైల్‌లో రాసి ఉంటుంది. అక్కడ పేరున్న కార్డు జోలికి నెట్‌వర్క్ మేనేజర్ వెళ్లదు. ఆ వరసలు తీసేసి సర్వీస్ రీస్టార్ట్ చేస్తే సరి. ఉబుంటు సర్వర్ అయితే నెట్‌ప్లాన్ అనే సెట్టింగుల టూల్ ఆ పనిని సిస్టమ్‌డీ-నెట్‌వర్క్‌డీ అనే వేరే సర్వీస్‌కి అప్పగించి ఉంటుంది, అక్కడ ‘అన్‌మేనేజ్డ్’ అని రావడం లోపం కాదు.

కేబుల్ సమస్యల్లో ఇది నాకు చాలా పనికొచ్చింది, కానీ ఒక్కటే సరిపోదు. పక్కన ‘ఎత్‌టూల్’ అనే ఇంకో కమాండ్ ఉండాలి. లింక్ ఉందా లేదా, ఎంత వేగంలో కుదిరింది అన్నది అదే చెబుతుంది. రెండు వైపులా గిగాబిట్ పోర్టులే ఉండి కూడా లింక్ 100 మెగాబిట్ దగ్గర ఆగిందంటే నేను ముందు కేబుల్ మారుస్తాను. గిగాబిట్‌కి నాలుగు జతల తీగలూ కావాలి, 100కి రెండు చాలు. మిగతా రెండు జతల్లో ఒక తీగ తెగినా నెట్ వస్తూనే ఉంటుంది, నెమ్మదిగా. అలాంటప్పుడు డ్రైవర్ మీద గంటలు పెట్టడం వృథా.

ఒక స్నేహితురాలు తన కంప్యూటర్‌లో కొత్త గ్రాఫిక్స్ కార్డు పెట్టించుకుంది. మర్నాటి నుంచి మిగతా మెషీన్ల నుంచి దాంట్లోని ఫైళ్లు తెరుచుకోవడం మానేశాయి. తన నెట్ మాత్రం బాగానే ఉంది. 2013 నుంచి, లినక్స్‌లో సర్వీసులు నడిపే సిస్టమ్‌డీ, నెట్‌వర్క్ కార్డుకి అది ఉన్న స్లాట్‌ని బట్టి పేరు పెడుతోంది. కొత్త గ్రాఫిక్స్ కార్డు రావడంతో స్లాట్ల లెక్క జరిగి, ‘ఈఎన్‌పీ3ఎస్0’ కాస్తా ‘ఈఎన్‌పీ4ఎస్0’ అయింది. స్థిరమైన అడ్రస్ ఉన్న ప్రొఫైల్ పాత పేరుకే అతుక్కుని ఉండిపోయింది. కొత్త పేరు కోసం నెట్‌వర్క్ మేనేజర్ తనే ‘వైర్డ్ కనెక్షన్ 1’ తయారుచేసి, రౌటర్ ఇచ్చిన వేరే అడ్రస్ తీసుకుంది, మిగతా మెషీన్లు పాత అడ్రస్‌లోనే వెతుకుతున్నాయి. ‘ఎన్ఎంసీఎల్ఐ కనెక్షన్ షో’ అనగానే ఇదంతా ఒక్క స్క్రీన్‌లో కనిపించింది. ప్రొఫైల్‌లో ఇంటర్‌ఫేస్ పేరు తీసేసి, దాని బదులు కార్డు మ్యాక్ అడ్రస్ (తయారీలోనే కార్డుకి ఇచ్చే నంబర్) రాశాను. ఇక ఏ స్లాట్ మారినా ఆ ప్రొఫైల్ తన కార్డుని వెతుక్కుంటుంది.

కేబుల్, వైఫై రెండూ ఉన్నప్పుడు ఏది వాడాలన్న నిర్ణయం కూడా బాగా చేస్తుంది. ప్రతి దారికీ మెట్రిక్ అని ఒక ప్రాధాన్యత అంకె ఉంటుంది: కేబుల్‌కి 100, వైఫైకి 600. తక్కువ అంకె ఉన్నదే గెలుస్తుంది. కేబుల్ పెట్టినా అటు నుంచి ఇంటర్నెట్ లేదని కనెక్టివిటీ చెక్‌లో తేలితే, ఆ దారికి 20000 కలిపి వెనక్కి నెడుతుంది. ‘ఐపీ రూట్’ కొడితే వచ్చే ఆ పెద్ద అంకె చూసి భయపడకండి, అది పనిచేస్తోందనడానికి గుర్తు.

వైఫై విషయానికొస్తే మెచ్చుకోవాల్సినవి, తిట్టాల్సినవి రెండూ ఉన్నాయి. రేడియో ఆగి ఉంటే ‘ఎన్ఎంసీఎల్ఐ రేడియో’ హార్డ్‌వేర్ స్విచ్‌నీ సాఫ్ట్‌వేర్ స్విచ్‌నీ విడివిడిగా చూపిస్తుంది. సాఫ్ట్‌వేర్‌ది అయితే ఒక కమాండ్‌తో తెరుచుకుంటుంది. హార్డ్‌వేర్‌ది అయితే ల్యాప్‌టాప్ పక్కనున్న బటనో, బయోస్ సెట్టింగో చూసుకోవాలి, ఏ కమాండూ పనిచేయదు. కార్డు పేరే లిస్టులో లేకపోతే మాత్రం నెట్‌వర్క్ మేనేజర్ ఏమీ చెప్పలేదు. అప్పుడు కెర్నల్ మెసేజ్‌లు చూపే ‘డీమెసేజ్’ కమాండ్‌లో ఫర్మ్‌వేర్ (కార్డు లోపల నడిచే చిన్న సాఫ్ట్‌వేర్) అన్న మాట కోసం వెతకాలి. 2023లో వచ్చిన డెబియన్ 12 నుంచి ఇన్‌స్టాలర్‌లోనే ఈ ఫర్మ్‌వేర్ ఇస్తున్నారు కాబట్టి ఈ బాధ బాగా తగ్గింది.

నాకు నిజంగా కోపం తెప్పించేది దీని ఎర్రర్ మెసేజ్‌లు. ‘సీక్రెట్స్ కావాలి, ఇవ్వలేదు’ అన్న అర్థం వచ్చే మెసేజ్ ఒకటి ఉంది. పాస్‌వర్డ్ తప్పయినా అదే. పాస్‌వర్డ్ సరిగ్గా ఉండి రౌటర్‌తో మాట కుదరకపోయినా ఒక్కోసారి అదే. వైఫై భద్రతా పద్ధతులైన డబ్ల్యూపీఏ2, డబ్ల్యూపీఏ3 కలిపి పెట్టిన రౌటర్ దగ్గర పాత కార్డున్న ల్యాప్‌టాప్ ఒకటి ఇలాగే మొండికేసింది. పాపం ఆ మనిషి పాస్‌వర్డ్ మళ్లీ మళ్లీ కొడుతూ కూర్చున్నాడు. రౌటర్‌లో డబ్ల్యూపీఏ2 మాత్రమే ఉంచాక వెంటనే కలిసింది. అంత బాగా స్థితి చెప్పే టూల్ కారణం చెప్పేచోట ఇలా గందరగోళపెట్టడం బాగాలేదు. అసలు సంగతి సిస్టమ్ లాగ్‌లు చూపే ‘జర్నల్‌సీటీఎల్’లో ఉంటుంది, నెట్‌వర్క్ మేనేజర్ లాగ్‌తో పాటు, వైఫై పాస్‌వర్డ్ పని చూసే డబ్ల్యూపీఏ సప్లికెంట్ లాగ్ కూడా చదవాలి. ఇది ఎవరూ ముందుగా చెప్పరు.

వైఫై కలుస్తుంది, కానీ కాసేపు వదిలేస్తే నత్తనడక అంటే నేను ముందు పవర్ సేవింగ్ చూస్తాను. ప్రొఫైల్‌లో ‘వైఫై డాట్ పవర్‌సేవ్’ విలువ 2 పెడితే ఆ పవర్ సేవింగ్ ఆగిపోతుంది. కొన్ని కార్డుల్లో తేడా వెంటనే తెలుస్తుంది, బ్యాటరీ కొంచెం ఎక్కువ తింటుంది.

ఇక్కడ ఒక లోపం చెప్పాలి. ఎన్ఎంసీఎల్ఐలో ప్రొఫైల్‌ని ‘మాడిఫై’ చేసిన మార్పు ఫైల్‌లోకి వెళ్తుంది కానీ నడుస్తున్న కనెక్షన్‌కి తగలదు. ‘కనెక్షన్ అప్’ అని మళ్లీ చెప్పాలి, కొన్ని మార్పులకు ‘డివైస్ రీఅప్లై’ చాలు. ఆ సంగతి స్క్రీన్ మీద ఒక్క వరసలో చెప్పి ఉంటే ఎంతమందికి టైమ్ మిగిలేదో!

సైట్ పేరుని అంకెల అడ్రస్‌గా మార్చే డీఎన్ఎస్ తగాదాలో ఇది పెద్దగా సాయపడదు. 1.1.1.1 లాంటి అంకెల అడ్రస్‌కి పింగ్ వెళ్లి, పేరుతో ఉన్న సైట్ తెరుచుకోకపోతే ‘రిజాల్వ్‌సీటీఎల్ స్టేటస్’ వైపు వెళ్లండి.

కమాండ్‌లంటే ఇబ్బందిగా ఉంటే ‘ఎన్ఎంటీయూఐ’ వాడండి. బాణం గుర్తులతో నడిచే మెనూ, స్థిరమైన అడ్రస్ పెట్టడానికి అదే హాయి. వైఫై కలిపే ఇంటెల్ వాళ్ల ఐడబ్ల్యూడీ కూడా మంచిదే, చిన్నది, వేగంగా కలుస్తుంది. కానీ దాన్ని విడిగా నడిపే బదులు నెట్‌వర్క్ మేనేజర్ కింద బ్యాకెండ్‌గా, అంటే వెనక నుంచి దాని పని చేసేదిగా, పెట్టుకోండి. రెండిటినీ ఒకే కార్డు మీద వేరువేరుగా నడిపితే ఒకటి కలిపింది ఇంకొకటి తెంపుతుంది, ఆ లాగ్ చదవడం ఎవరి వల్లా కాదు.

నా మార్కులు అయిదుకి నాలుగు. ఆ ఎర్రర్ మెసేజ్‌లు మారిన రోజున అయిదోది కూడా ఇస్తాను.